వెబ్ సేవలకు పరీక్ష



వేరుసెనగ విత్తుటకు ముందు మన కోసిగి ప్రాంతపు రైతు 100 గింజలను లెక్కించి, తడిపిన గోనెపట్టలో చుట్టి, కొన్ని దినములైన పిమ్మట ఎన్ని మొలకెత్తినవో చూచును. మొలక చాలినంత యున్నచో విత్తును. లేనిచో విత్తనమును మార్చును. పదును పోయిన తరువాత దోషము తెలిసినను ప్రయోజనము లేదని యాతడెరుగును. నేను నేడు చెప్పదలచినది ఇట్టి పరీక్షను గురించియే. కాని విత్తనమునకు కాదు, వెబ్ సేవకు. ఇట్టి పరీక్షలు చేయుట నా వృత్తి.

ఇది పట్టణవాసుల విషయమని తలంపవలదు. 2011లో మీసేవ వచ్చినది. భూమి లెక్కలను చూపు మీభూమి 2015లో వచ్చినది. అడంగలు కావలెనన్న పూర్వము కరణముగారి యరుగుపై కూర్చుండెడివారము. నేడు ఫోనులో చూచుచున్నాము. కరణము వ్రాతలో తప్పున్నచో ఆయననే నిలిపి యడుగవచ్చును. యంత్రము తప్పు చూపినచో ఎవరిని నిలుపుట? ఒక్క అక్షరము, ఒక్క సెంటు తేడా వచ్చినను బ్యాంకు అప్పునకును, పంట బీమాకును అడ్డు రావచ్చును. కావున అట్టి సేవను జనుల చేతికి ఇచ్చుటకు ముందే పరీక్షింపవలెను.

ఈ సేవలో మూడు భాగములుండును. ఫోనుపై కనబడు పుట మొదటిది. దూరమున సర్వరు అను కంప్యూటరులో మన కోరికను విని పనిచేయు ప్రోగ్రాము రెండవది. లెక్కలన్నియు దాచియుంచు భాండాగారము మూడవది. తప్పు ఏ భాగముననైన నుండవచ్చును. కావున ముందు ఒక్కొక్క భాగమును విడివిడిగా చూచి, పిమ్మట కలిపి చూచి, తుదకు రైతు నడచు త్రోవనే మొదటినుండి చివరివరకు నడచి చూడవలెను.

మొదట లెక్కలను గూర్చి చెప్పెదను. నేను పరీక్షించిన యొక ప్రోగ్రాము 3 ఎకరముల 60 సెంట్లకు 2 ఎకరముల 55 సెంట్లు కలిపి 5 ఎకరముల 115 సెంట్లని చూపినది. 100 సెంట్లు ఒక ఎకరమని దానికెవ్వరును చెప్పలేదు. వ్రాసినవాడు సుళువైన అంకెలతో చూచుకొని తృప్తిపడెను. పరీక్షకుడు అంచులను వెదకవలెను: సున్న, 1 సెంటు, 99 సెంట్లు, 100 సెంట్లు, ఉన్నదానికంటె ఎక్కువ అమ్మబూనుట, అంకె యుండవలసిన చోట అక్షరము వ్రాయుట. పొలము మధ్య బాగుగనే యుండును. తగవు గట్టు వద్దనే పుట్టును గదా!

రెండవది పేర్లు. ఉరుకుంద ఈరన్నస్వామి పేరు పెట్టుకొన్నవారు మన వాడలలో ఎందరో కలరు. తండ్రి పేరును ఒక్కటే యైనప్పుడు ఒకని భూమి మరియొకనికి చూపకుండునా? ఈరన్న, వీరన్న, కన్నడపు ఈరణ్ణ, వీనిని ప్రోగ్రాము ఎట్లు గ్రహించును? ఇంటిపేరు వ్రాయనివానిని త్రోసివేయునా? ఇవన్నియు ముందే చూడవలెను. మన లిపినే పరీక్షింపకపోవుట వలన కలుగు చిక్కునకు గొప్ప నిదర్శనము కలదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను అక్షరమును ఒక విధముగా కూర్చిన సందేశము వచ్చినంతనే ఆపిల్ వారి ఐఫోనులలో కొన్ని ప్రోగ్రాములు కూలిపోయినవి. ఆ నెల 19వ తేదీన ఆ సంస్థ దిద్దుబాటును విడుదల చేసినది.

మూడవది అంతరాయము. మన వైపు నుండి సుగ్గికి గుంటూరు మిరపచేలకు పోవువారు అక్కడినుండియే ఫోనులో రుసుము చెల్లింతురు. నడుమ సంకేతము పోవును. తోచక మీటను రెండుమార్లు నొక్కుదురు. డబ్బు రెండుమార్లు పోరాదు. పని పూర్తిగా జరుగవలెను, లేదా ఏమియు జరుగనట్లుండవలెను. సగము జరిగి నిలువరాదు. దీనిని చూచుటకు పరీక్షకుడు తానే నడుమ తీగ తెంపి చూడవలెను. కొత్త ఫోనులతోనే కాక, చవుకవానితోను పాతవానితోను చూడవలెను.

నాలుగవది రద్దీ. శ్రావణమాసమున ఉరుకుందకు వచ్చు జనమునకు మామూలు దినపు ఏర్పాటు చాలునా? అమెరికాలో 2013 అక్టోబరు 1వ తేదీన ఆరోగ్య బీమాకై యొక వెబ్ ద్వారమును తెరచిరి. జనము ఒక్కసారి వచ్చిపడగా అది తాళజాలకపోయినది. మొదటి దినమున నమోదైనవారు 6 గురు మాత్రమే. వేలమంది వచ్చినట్లు కృత్రిమముగా కోరికలను పంపి బలమును ముందే తెలిసికొనవలెను.

అయిదవది కావలి. నా లెక్క చూచుచు, పైనున్న చిరునామాలో ఒక అంకె మార్చినంతనే పొరుగువాని లెక్క కనబడరాదు. దొంగ యెట్లు ఆలోచించునో పరీక్షకుడును అట్లే ఆలోచింపవలెను.

ఆరవది మరల మరల చూచుట. చెరువుకట్ట ఒకచోట పూడ్చిన నీరు మరియొకచోట దారి తీయవచ్చును. ప్రోగ్రామును ఒకచోట దిద్దిన ప్రతిసారియు పాత పరీక్షలన్నిటిని తిరిగి చేయవలెను. ఈ పనిని యంత్రమే విసుగులేక చేయునట్లు ఏర్పరుపవచ్చును.

ఎంత పరీక్షించినను కొంత మిగులును. బ్రిటనులో 1999 మొదలు తపాలా కచేరీలలో హొరైజన్ అను లెక్కల ప్రోగ్రామును ప్రవేశపెట్టిరి. అది వెబ్ సేవ కాకున్నను దాని పాఠము మనకు వర్తించును. అది లేని లోటును చూపగా, అధికారులు యంత్రమును నమ్మిరి, మనుష్యులను నమ్మలేదు. 900 మందికి పైగా శిక్షితులైరి. కొందరు చెరసాలకు పోయిరి. తుదకు 2024లో పార్లమెంటు శాసనము చేసి అట్టి శిక్షలను రద్దుచేసినది. పోయిన యేండ్లను మాత్రము ఏ శాసనము తిరిగి ఇయ్యగలదు?

కావున పెద్దలకు నా మనవి యిది. యంత్రము చెప్పినదే తుదిమాట యని తలవంచవలదు. తప్పు కనబడినచో తేదీ, వేళ, సర్వే నంబరు, మీరేమి నొక్కిరి, ఏమి కనబడవలెను, ఏమి కనబడినది, ఈ యారును కాగితముపై వ్రాసి, రసీదుతో జతచేసి ఇండు. “పనిచేయుట లేదు” అన్న మాటతో ఎవరును తప్పును కనుగొనలేరు. ఇట్టి కాగితముతో కనుగొనగలరు. రచ్చకట్టపై చదువురాని వారికి ఇట్టి కాగితము వ్రాసిపెట్టువాడు తానెరుగకయే గొప్ప పరీక్షకుడగును.