పాత జూమ్ లెన్స్ కొత్త కెమెరాకి పెడితే: కాకినాడ కుర్రాళ్లు తెలుసుకోవాల్సినవి

ఈరోజు పాత మాన్యువల్ జూమ్ లెన్సుల గురించి మాట్లాడుకుందాం. అంటే ఆటోఫోకస్ లేనివి, మోటారు లేనివి, చిప్ లేనివి, అంతా చేత్తో తిప్పుకునేవి. 35-70, 80-200, 70-210, ఇలాంటి నంబర్లు ఉంటాయి వాటి మీద. ఫిల్మ్ రోజుల్లో పెళ్లి ఫొటోలు తీసిన స్టూడియోల్లో ఇలాంటిది ఒకటైనా కనిపించేది. ఆ స్టూడియో మీ మావయ్యదో బాబాయిదో అయితే, ఆ లెన్స్ ఇప్పటికీ బీరువా పైఅరలో తోలు కేసులో పడుకునే ఉంటుంది. దాన్ని తెచ్చి నా డిజిటల్ కెమెరాకి పెట్టొచ్చా అన్నది ప్రశ్న.

పెట్టొచ్చండి. కాకపోతే జూమ్ కాబట్టి ఒకటి రెండు చిక్కులున్నాయి. మనం సముద్రం పక్కన ఉన్నాం కాబట్టి ఇంకో చిక్కు ఉంది. కొత్త టెలి జూమ్ కొనాలంటే పాతిక, ముప్పై వేలు మాట. అందుకే ఈ చిక్కులు తెలుసుకుంటే లాభం.

ఫోన్ అలవాటైనవాళ్లకి ముందు ఒక మాట చెప్పాలి. ఫోన్‌లో రెండు వేళ్లతో లాగి జూమ్ చేస్తాం కదా, దాని టెలి లెన్స్ హద్దు దాటాక అది బొమ్మని కత్తిరించి పెద్దది చేయడమే. ఇక్కడ అలా కాదు, లోపల గాజులు నిజంగానే ముందుకీ వెనక్కీ జరుగుతాయి. 35 ఎం.ఎం. స్టిల్ కెమెరాకి ఇలాంటి జూమ్ మొదట వచ్చింది 1959లో, జర్మనీ కంపెనీ ఫోక్ట్‌లెండర్ తెచ్చిన జూమార్, 36-82. 1970ల్లో వివిటార్ సిరీస్ 1 70-210 లాంటివి వచ్చాక మామూలు ఔత్సాహికులు కూడా జూమ్‌ని నమ్మడం మొదలుపెట్టారు. మనకి ఇప్పుడు దొరికే పాత సరుకు ఎక్కువగా ఆ తర్వాతి కాలానిదే.

ఇక ఏ కెమెరాకి ఏది పడుతుంది? ఇదంతా ఒక్క కొలతలో ఉంది. లెన్స్ కూర్చునే లోహపు రింగు నుంచి సెన్సర్ దాకా ఎంత దూరం అన్నది. పాత ఎస్ఎల్ఆర్‌లలో అద్దం ఉండేది కాబట్టి ఆ దూరం ఎక్కువ. నికాన్‌కి 46.5 మిల్లీమీటర్లు, పెంటాక్స్‌కి 45.46, మినోల్టాకి 43.5, కెనాన్ ఎఫ్‌డీకి 42. మిర్రర్‌లెస్‌లో అద్దం లేదు. సోనీ ఈ మౌంట్ 18, నికాన్ జెడ్ 16, కెనాన్ ఆర్ఎఫ్ 20. తేడా ఎంతుందో అంత పొడవు ఖాళీ గొట్టం పెడితే సరిపోయింది. ఆ గొట్టాన్నే అడాప్టర్ అంటారు. అందులో గాజూ ఉండదు, కరెంటూ ఉండదు. అందుకే మిర్రర్‌లెస్ ఉన్నవాళ్లకి దాదాపు ఏ పాత ఎస్ఎల్ఆర్ లెన్స్ అయినా పడుతుంది.

సెకండ్‌హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ ఉన్నవాళ్లు మాత్రం కాస్త ఆగాలి. కెనాన్ డీఎస్ఎల్ఆర్‌కి ఆ దూరం 44. నికాన్, పెంటాక్స్ లెన్సులు పడతాయి. విచిత్రం ఏంటంటే కెనాన్ వాళ్ల సొంత పాత ఎఫ్‌డీ లెన్స్ పడదు! 1987లో వాళ్లు మౌంట్ మార్చేశారు. అడాప్టర్ పెట్టినా దూరంగా ఉన్నది ఫోకస్ కాదు, మధ్యలో గాజున్న అడాప్టర్ కావాలి, అది పెడితే నాణ్యత పోతుంది. నికాన్ డీఎస్ఎల్ఆర్‌కి అయితే పాత నికాన్ లెన్సులతోనే సరిపెట్టుకోండి. అందులోనూ డీ3500, డీ5600 లాంటివాటిలో పాత మాన్యువల్ లెన్స్ పెడితే లైట్ మీటర్ పనిచేయదు. ఎం మోడ్‌లో పెట్టి, ఒక ఫొటో తీసి, హిస్టోగ్రామ్ చూసి సర్దుకోవాలి. రెండు రోజుల్లో చేయి అలవాటు పడుతుంది.

మిర్రర్‌లెస్‌లో ముందు చేయాల్సింది, మెనూలో "లెన్స్ లేకుండా షటర్" ఆన్ చేయడం. లెన్స్‌లో చిప్ లేదు కాబట్టి, అసలు లెన్సే పెట్టలేదనుకుంటుంది కెమెరా. తర్వాత ఫోకస్ పీకింగ్ ఆన్ చేయండి, ఫోకస్‌లో ఉన్న అంచులు రంగులో మెరుస్తాయి. కానీ 200 ఎం.ఎం. దగ్గర పీకింగ్‌ని పూర్తిగా నమ్మొద్దు, స్క్రీన్ మీద పెద్దది చేసి చూసుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు. పాతవాళ్లని అడిగితే "210 దగ్గర దగ్గరికి లాగి ఫోకస్ చేసుకో, తర్వాత 70కి వెనక్కి తెచ్చుకో, ఫోకస్ కదలదు" అంటారు. వాళ్లు చెప్పేది నిజమే, చాలా పాత జూమ్‌లు అలాగే తయారయ్యాయి. కానీ అది వాళ్ల కెమెరా మీద. మన చవక అడాప్టర్ అర వెంట్రుక పొట్టిగా ఉన్నా ఆ లెక్క తప్పుతుంది. చాలా అడాప్టర్లు కావాలనే కొంచెం పొట్టిగా చేస్తారు, దూరపు ఫోకస్ కచ్చితంగా అందాలని. దాంతో 210 దగ్గర షార్ప్‌గా ఉన్న పడవ, 70కి వచ్చేసరికి మసకబారుతుంది. లెన్స్ పాడైందని అమ్మేసుకుంటారు చాలామంది. పాడైంది లెన్స్ కాదండి. జూమ్ మార్చిన ప్రతిసారీ ఫోకస్ మళ్లీ చేసుకోండి, అంతే.

రెండోది, చేతి వణుకు. కెమెరా బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే, ఇది ఎన్ని ఎం.ఎం. లెన్స్ అన్నది మీరే మెనూలో నొక్కి చెప్పాలి. మామూలు ప్రైమ్ లెన్స్‌కి ఒక్కసారి చెబితే చాలు. జూమ్‌కి? మీరు 200 అని చెప్పి 70కి తిప్పితే, లేని వణుకుని కెమెరా సరిదిద్దబోయి బొమ్మని అదే కదిలిస్తుంది. ప్రతిసారీ మార్చే ఓపిక లేకపోతే తక్కువ నంబర్ పెట్టి వదిలేయండి, సాయం తగ్గుతుంది గానీ చెడు చేయదు. సోనీ 6400, జెడ్‌వీ ఈ10 లాంటి బాడీల్లో స్టెబిలైజేషన్ లేదు కాబట్టి ఈ గొడవే లేదు, షటర్ స్పీడే దిక్కు. ఏపీఎస్-సీ సెన్సర్ మీద 210 అంటే 315 చూపు. సెకనులో 320వ వంతు, కుదిరితే 400వ వంతు పెట్టండి. ఎపర్చర్ ఎఫ్ 5.6 లేదా 8. పూర్తిగా తెరిస్తే పాత గాజు కాస్త పాలు పోసినట్టు తెల్లగా, అంచుల్లో ఊదారంగుతో వస్తుంది. కొందరికి అదే ఇష్టం, నాకైతే పోర్ట్రెయిట్ వరకే.

మరి ఎక్కడ పనికొస్తుంది? జగన్నాథపురం వంతెన మీంచి కాలువలో పడవలు, ఉప్పాడలో మగ్గం మీద కూర్చున్న చేతులు, హోప్ ఐలాండ్ అడ్డు ఉండబట్టి అలల్లేని కాకినాడ తీరంలో లంగరేసిన ఓడలు. కోరంగిలో చెక్క వంతెన మీద నిలబడితే మడచెట్టు వేళ్ల మీద కదలకుండా చేప కోసం కాచుకునే కొంగ. ఇవన్నీ మనకి టైమిస్తాయి. అదే కొంగ ఎగిరితే మర్చిపోండి. ఎగిరే పిట్టలూ, కబడ్డీ, పెళ్లిలో తలంబ్రాలూ దీనితో తీయాలని పోరాడకండి, ఆటోఫోకస్ ఉన్నదే వాడండి. ఇంకొకటి, బీచ్‌లో సూర్యుడు ఎర్రగా ఉన్నంతసేపే టెలి పెట్టండి. కాస్త పైకొచ్చాక అటు గురిపెట్టి ఉంచితే సెన్సర్ కాలుతుంది, డీఎస్ఎల్ఆర్ అయితే వ్యూఫైండర్‌లో పెట్టిన కన్నే పోతుంది.

చివరిగా ఫంగస్. కొనేముందైనా, మావయ్య దగ్గర తీసుకునేముందైనా, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, లెన్స్ వెనక ఫోన్ టార్చ్ వేసి, ముందు నుంచి కొంచెం ఏటవాలుగా చూడండి. దుమ్ము చుక్కలు ఫర్వాలేదు. సాలెగూడు దారాల్లా కనిపిస్తే అది ఫంగస్. అంచున ఒక చిన్న పోగైతే ఫొటోలో తెలియదు, మధ్యలోకి పాకితే వదిలేయండి. జూమ్‌లో గాజులు చాలా ఉంటాయి, విప్పి తుడిపించడానికి అయ్యే ఖర్చుతో ఇంకో లెన్సే వస్తుంది. ఎపర్చర్ రింగు తిప్పి లోపలి రేకులు చటుక్కున కదులుతున్నాయో లేదో చూడండి, నూనె పట్టి ఉంటే బద్ధకంగా కదులుతాయి.

మన ఉప్పు గాలికి మంచి లెన్స్ కూడా ఇంట్లోనే పాడవుతుంది. ముందుకీ వెనక్కీ లాగే జూమ్ అయితే సైకిల్ పంపులా గాలిని లోపలికి పీలుస్తుంది, ఉప్పాడ రోడ్డు మీద అల తుంపర పడుతున్నప్పుడు అది లాగుతూ ఉండకండి. ఇంటికొచ్చాక పొడి గుడ్డతో తుడవండి. తోలు కేసు తీసి అవతల పెట్టండి, చెమ్మని పట్టి ఉంచేది అదే. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, చిన్న తేమ మీటర్ పెట్టుకుంటే చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. నీలం రంగు సిలికా గులాబీకి తిరిగితే మార్చేయండి. కొందరు బియ్యం పోస్తారు, వద్దండి, ఆ తవుడు లెన్స్‌లోకే పోతుంది. ఫంగస్ ఉన్నదాన్ని మాత్రం మిగతా లెన్సులతో కలిపి అదే డబ్బాలో పెట్టకండి. ఉంటానండి.