ముఖ, నాసికా శస్త్రచికిత్సలో రేడియాలజీ

ముఖ, నాసికా శస్త్రచికిత్సలో రేడియాలజీ అనగా ముక్కు, దవడలు, కంటి గుంటలు, అంగిలి మరియు ముఖంలోని ఇతర ఎముకలపై శస్త్రచికిత్స చేయడానికి ముందు, తరువాత ఎక్స్-రే, సి.టి. స్కాన్, ఎమ్.ఆర్.ఐ. వంటి చిత్రాల సహాయంతో లోపలి నిర్మాణాన్ని తెలుసుకొనే విధానం. ఈ చిత్రాలు రోగికి చికిత్స చేయడానికే కాక, వైద్య కళాశాలలలో జరిగే పరిశోధనకు కూడా ఆధారం అవుతాయి. చిత్రం స్పష్టంగా ఉండటం ఎంత ముఖ్యమో, అది తగిన సమయానికి తగిన వైద్యుని చేతికి చేరడం కూడా అంతే ముఖ్యం. ఉత్తర తెలంగాణలోని పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో ఈ రెండవ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం కలదు. పెద్ద శస్త్రచికిత్సల కొరకు రోగులు కరీంనగర్ నుండి సుమారు 160 కిలోమీటర్లు, ఆదిలాబాదు నుండి సుమారు 300 కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాదు చేరవలసి వస్తుంది. వారితో పాటు వారి స్కాన్ కూడా ప్రయాణించాలి.

చరిత్ర

తెగిన ముక్కును తిరిగి నిర్మించే శస్త్రచికిత్స భారతదేశంలో అతి ప్రాచీనమైనది. చెంప నుండి చర్మాన్ని మలచి ముక్కును నిర్మించే పద్ధతి సుశ్రుత సంహితలో వర్ణించబడింది. తరువాతి కాలంలో నుదుటి చర్మాన్ని వాడే పద్ధతి వాడుకలోకి వచ్చింది. 1792లో టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధంలో ఆంగ్ల సైన్యం తరపున ఎడ్లబండి తోలిన కావస్జీ అనే వ్యక్తి బందీగా చిక్కి ముక్కు కోల్పోయాడు. అతనికి పూణే ప్రాంతంలో ఈ పద్ధతిలో ముక్కు నిర్మించారు. ఆ వివరం 1794 అక్టోబరులో లండన్ నగరపు జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌లో ప్రచురితమైంది. దానిని ఆధారం చేసుకొని జోసెఫ్ కార్ప్యూ అనే ఆంగ్ల శస్త్రవైద్యుడు 1814, 1815లలో ఇద్దరికి శస్త్రచికిత్స చేసి, 1816లో గ్రంథం ప్రచురించాడు.

ఆ కాలపు వైద్యులు పైకి కనిపించే భాగాన్ని మాత్రమే చూడగలిగేవారు. 1895 నవంబరు 8న జర్మనీలో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొనడంతో శరీరాన్ని కోయకుండా ఎముకలను చూడటం సాధ్యమైంది. 1901లో ఫ్రెంచి వైద్యుడు రెనె లె ఫోర్ట్ మృతదేహాలపై ప్రయోగాలు చేసి, ముఖ మధ్యభాగపు ఎముకలు కొన్ని నియత రేఖల వెంట విరుగుతాయని చూపాడు. నేటికీ ఈ విరుగుళ్ళను లె ఫోర్ట్ 1, 2, 3 అని వర్గీకరిస్తున్నారు.

గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సి.టి. యంత్రంతో 1971 అక్టోబరు 1న లండన్‌లో మొదటి రోగికి స్కాన్ తీశారు. 1980వ దశకంలో ముక్కు రంధ్రాల గుండా సన్నని ఎండోస్కోపు పంపి సైనస్‌లకు శస్త్రచికిత్స చేసే పద్ధతి వ్యాప్తి చెందింది. దానితో సి.టి. స్కాన్ శస్త్రవైద్యునికి దారి చూపే పటంగా మారింది.

ముఖ నిర్మాణం, చిత్రం యొక్క అవసరం

ముక్కు చుట్టూ ఎముకలలో నాలుగు జతల గాలి గదులు ఉంటాయి. వీటినే సైనస్‌లు అంటారు. వీటికి పైన మెదడు, పక్కన కన్ను, వెనుక భాగంలో కంటి నరం, మెదడుకు రక్తం తీసుకొనిపోయే ధమని ఉన్నాయి. కొన్ని చోట్ల వీటి మధ్యనున్న ఎముక కాగితమంత పలుచగా ఉంటుంది.

ఈ నిర్మాణం అందరిలో ఒకే విధంగా ఉండదు. ముక్కు పైకప్పులో వాసన నరాలు దిగే గుంట లోతును బట్టి 1962లో కెరోస్ అనే శాస్త్రవేత్త మూడు రకాలు చెప్పాడు. లోతు 1 నుండి 3 మిల్లీమీటర్లు ఉంటే మొదటి రకం, 4 నుండి 7 వరకు ఉంటే రెండవ రకం, 8 నుండి 16 వరకు ఉంటే మూడవ రకం. గుంట లోతుగా ఉన్నకొద్దీ దాని పక్కనున్న పలుచని ఎముక పరికరానికి ఎక్కువగా ఎదురుపడుతుంది. అది చిల్లు పడితే మెదడు చుట్టూ ఉండే ద్రవం ముక్కులోకి కారుతుంది. ఈ కొద్ది మిల్లీమీటర్ల తేడాను ముందుగా చూపేది స్కాన్ మాత్రమే.

ఏ స్థితికి ఏ చిత్రం

ముఖానికి దెబ్బ తగిలిన ప్రతివారికీ స్కాన్ అవసరం లేదు.

ముక్కు ఎముక విరుగుట: దీనిని వైద్యుడు చూచి, తాకి నిర్ధారిస్తాడు. మామూలు ఎక్స్-రే వలన చికిత్స సాధారణంగా మారదు. వాపు తగ్గిన తరువాత, ఎముక అతుక్కొనక ముందే సరిచేయాలి. ఇందుకు పెద్దలలో సుమారు రెండు వారాల లోపు సమయం ఉంటుంది, పిల్లలలో ఇంకా తక్కువ.

ముక్కు మధ్య గోడలో రక్తం గడ్డకట్టుట: దీనికి చిత్రం కొరకు వేచి ఉండరాదు. గడ్డను వెంటనే తీయకపోతే మృదులాస్థి నశించి ముక్కు కుంగిపోతుంది.

కంటి గుంట అడుగు విరుగుట: దీనికి సి.టి. స్కాన్ తప్పనిసరి. పిల్లలలో ఎముక తలుపు వలె తెరుచుకొని మూసుకొనడం వలన కంటి కండరం అందులో చిక్కుకొనవచ్చును. కన్ను ఎర్రబడకుండానే వాంతులు, నాడి మందగించుట కలుగుతాయి గనుక దీనిని తలకు తగిలిన దెబ్బగా పొరబడే ప్రమాదం ఉంది. ఇట్టి స్థితిలో వీలైనంత త్వరగా శస్త్రచికిత్స చేయాలి.

గ్రహణం మొర్రి: పుట్టుకతో పెదవి, చిగురు, అంగిలి చీలి ఉండటాన్ని ఇలా పిలుస్తారు. గర్భిణి గ్రహణం చూడటం వలన ఇది కలుగుతుందన్నది అపోహ మాత్రమే. పిండం ఏర్పడే తొలి వారాలలో ముఖ భాగాలు కలియకపోవడమే దీనికి కారణం. చిగురు ఎముకలోని చీలికను సాధారణంగా 8 నుండి 11 ఏళ్ళ మధ్య, కోరపన్ను రాకముందే ఎముక ముక్కలతో పూరిస్తారు. చీలిక పరిమాణాన్ని స్కాన్ ద్వారా కొలుస్తారు. ఆదిలాబాదుకు పొరుగున ఉన్న నాగపూరులో ప్లాస్టిక్ సర్జన్ సి. బాలకృష్ణన్ ఈ చీలికలకు చేసిన వర్గీకరణ నాగపూర్ వర్గీకరణ అనే పేరుతో ప్రసిద్ధి చెందింది.

జంతువుల దాడులు: ఎలుగుబంటి ఎక్కువగా తల, ముఖాలపై దాడి చేస్తుంది. ఉత్తర తెలంగాణ అడవులలో ఎలుగుబంట్లు ఉన్నాయి. ఇటువంటి గాయాలలో చర్మం, కండరం, ఎముక ఒకేసారి దెబ్బతింటాయి కనుక ఏ ఎముక ఎక్కడ ఉన్నదో త్రిమితీయ చిత్రంలో చూడటం అవసరం.

2021 నాటి అనుభవం

కోవిడ్ రెండవ ఉధృతిలో బ్లాక్ ఫంగస్ అని పిలువబడిన మ్యూకర్‌మైకోసిస్ వ్యాధి విస్తరించింది. 2021 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దీనిని 1897 నాటి అంటువ్యాధుల చట్టం క్రింద ప్రకటించవలసిన వ్యాధిగా నోటిఫై చేసింది. హైదరాబాదు కోఠిలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి దీనికి ప్రధాన చికిత్సా కేంద్రమైంది.

అదుపులో లేని మధుమేహం, స్టీరాయిడ్ల వాడకం ఈ వ్యాధికి అనుకూలించాయి. ఈ శిలీంధ్రం రక్తనాళాలలోకి చొచ్చుకొనిపోయి వాటిని మూసివేస్తుంది. రక్తం అందని కణజాలం చనిపోయి నల్లబడుతుంది. వ్యాధి ముక్కు నుండి సైనస్‌లకు, అక్కడి నుండి కంటి గుంటకు, మెదడుకు పాకుతుంది. దీని వేగాన్ని గంటలలో, రోజులలో లెక్కించాలి.

తొలి దశలో సి.టి. స్కాన్‌లో సైనస్ పొర మందమైనట్లు మాత్రమే కనిపించవచ్చును. ఇది సాధారణ జలుబులోనూ కనిపిస్తుంది. రంజన ద్రవం ఇచ్చి తీసిన ఎమ్.ఆర్.ఐ.లో మాత్రం రక్తం అందని భాగం నల్లగా తేలుతుంది. తుది నిర్ధారణ ఎండోస్కోపు ద్వారా తీసిన ముక్కను పరీక్షించి చేస్తారు. చికిత్సలో చనిపోయిన భాగాన్ని తొలగించుట, ఆంఫోటెరిసిన్-బి మందు, చక్కెర నియంత్రణ మూడూ కలిసి సాగాలి. పై దవడ తొలగించబడిన వారికి మింగడానికి, మాట్లాడడానికి అంగిలి రంధ్రాన్ని మూసే పలక అమర్చవలసి వచ్చింది. ఇటువంటి వ్యాధిలో స్కాన్ నివేదిక ఒక రోజు ఆలస్యమైతే, కన్ను నిలుపుకొనే అవకాశం చేజారవచ్చును.

ఉత్తర తెలంగాణలో వైద్య విద్యాసంస్థలు

కరీంనగర్‌లో చల్మెడ ఆనందరావు వైద్య విజ్ఞాన సంస్థ, ప్రతిమ వైద్య విజ్ఞాన సంస్థ అనే ప్రైవేటు బోధనాసుపత్రులు ఉన్నాయి. ఆదిలాబాదులో ప్రభుత్వ రంగంలోని రాజీవ్ గాంధీ వైద్య విజ్ఞాన సంస్థ 2008లో ప్రారంభమైంది. దీనిని వాడుకలో రిమ్స్ అంటారు. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలలోనూ, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాదులలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనాయి. ఈ విధంగా వైద్య కళాశాలలు పూర్వపు రెండు జిల్లాల నలుమూలలకు విస్తరించినాయి. ఇన్ని చోట్ల తీసిన చిత్రాలను ఒకచోటి నుండి మరొకచోటికి చేర్చే పద్ధతి వాటికి తగినట్లు ఉండాలి.

ఆసుపత్రిలో చిత్రం ప్రయాణం

స్కాన్ యంత్రంపై ముఖాన్ని చిత్రించడానికి పట్టే సమయం క్షణాలలోనే ఉంటుంది. మిగిలిన సమయం దాని ముందు, వెనుక దశలలో గడుస్తుంది. వైద్యుడు చీటీ వ్రాయుట, పేరు నమోదు, వంతు కొరకు నిరీక్షణ, స్కాన్, చిత్రాల తయారీ, రేడియాలజిస్టు పరిశీలన, నివేదిక టైపు చేయుట, అది వార్డుకు చేరుట అనేవి ఈ దశలు.

ఈ నిరీక్షణను లెక్కించడానికి 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఉపయోగపడుతుంది. విభాగంలో సగటున ఉండే రోగుల సంఖ్య, గంటకు వచ్చేవారి సంఖ్యను ఒక్కొక్కరు గడిపే గంటలతో హెచ్చించిన దానికి సమానం. ఉదాహరణకు గంటకు 6 గురు వస్తూ, ఒక్కొక్కరు 2 గంటలు గడిపితే విభాగంలో సగటున 12 మంది ఉంటారు. అదే సమయం 1 గంటకు తగ్గితే 6 గురు మాత్రమే ఉంటారు. దీనికి కొత్త యంత్రం కొనవలసిన పని లేదు. ఏ దశలో సమయం వృథా అవుతున్నదో కొలిచి సరిచేస్తే చాలును.

సాధారణంగా ఉపయోగపడే మార్పులు ఇవి:

1. చీటీపై ముక్కు స్కాన్ అని మాత్రమే వ్రాయక, ఏ సందేహం తీరాలో వ్రాయుట. దెబ్బ తగిలిన తేదీ, చూపు తగ్గినదా, మధుమేహం ఉన్నదా అన్నవి రేడియాలజిస్టుకు దారి చూపుతాయి.

2. అత్యవసర స్థితులకు వేరుగా వరుస ఏర్పాటు చేయుట.

3. అవసరం లేని ముక్కు ఎక్స్-రేలను మానుట.

4. ప్రమాదకరమైన విషయం కనిపిస్తే నివేదిక టైపు అయ్యేవరకు ఆగక వెంటనే ఫోనులో తెలియజేయుట.

5. చిత్రాలను ఫిల్ముగా మాత్రమే కాక డైకామ్ రూపంలో భద్రపరచుట.

చివరి అంశాన్ని కొంత వివరించాలి. వేర్వేరు కంపెనీల యంత్రాలు తీసిన చిత్రాలను ఏ కంప్యూటరులోనైనా తెరవడానికి వీలుగా 1993లో రూపొందిన ప్రమాణమే డైకామ్. సుమారు 15 సెంటీమీటర్ల ముఖ భాగాన్ని 5 మిల్లీమీటర్ల పొరలుగా చూపితే 30 చిత్రాలు, 1 మిల్లీమీటరు పొరలుగా చూపితే 150 చిత్రాలు వస్తాయి. మందపు పొరలు ముద్రించిన ఫిల్ము నుండి త్రిమితీయ రూపం తయారు చేయలేము, కెరోస్ లోతును నమ్మకంగా కొలవలేము. 150 పలుచని చిత్రాలు సుమారు 80 మెగాబైట్లు మాత్రమే అవుతాయి కాబట్టి ఒక సి.డి.లో సులభంగా ఇముడుతాయి. ఆ సి.డి. లేకుండా ఫిల్ముతో మాత్రమే దూరపు ఆసుపత్రికి వెళ్ళిన రోగికి మరల స్కాన్ తీయవలసి రావచ్చును. అందువలన డబ్బు, సమయం నష్టపోవడమే కాక రెండవసారి రేడియేషన్ కూడా సోకుతుంది.

పరిశోధన

వైద్య కళాశాలలలో స్నాతకోత్తర విద్యార్థులు సిద్ధాంత వ్యాసం సమర్పించాలి. సైనస్ నిర్మాణంలోని భేదాలు, ముక్కు మధ్య గోడ వంకర, ముఖ ఎముకల విరుగుళ్ళ రీతులు ఇందుకు అనువైన అంశాలు. 1993లో వెలువడిన లండ్-మెకే పద్ధతిలో ప్రతి సైనస్‌కు 0 నుండి 2 వరకు అంకెలు ఇచ్చి, మొత్తం 24కు వ్యాధి తీవ్రతను లెక్కిస్తారు. ఇటువంటి ఉమ్మడి కొలమానం వలన ఆదిలాబాదులో తీసిన స్కాన్‌ను మరొక దేశపు స్కాన్‌తో పోల్చవచ్చును.

అయితే పరిశోధన, దైనందిన సేవ వేరువేరు పనులు కావు. పలుచని పొరలు భద్రపరచని చోట, చీటీలో వ్యాధి వివరం వ్రాయని చోట, శస్త్రచికిత్సలో కనిపించిన దానిని స్కాన్ నివేదికతో సరిపోల్చని చోట పరిశోధనకు కావలసిన ఆధారమే మిగలదు. రోగికి త్వరగా, సరిగా సేవ అందించే క్రమమే పరిశోధకునికి నమ్మదగిన సమాచారాన్ని కూడా ఇస్తుంది. స్థానిక ప్రజల ముఖ కొలతలు స్థానికంగానే నమోదైతే, శస్త్రవైద్యులు ఇతర దేశాల సగటు కొలతలపై ఆధారపడవలసిన అవసరం తగ్గుతుంది.

రేడియేషన్, గోప్యత

సైనస్ సి.టి. స్కాన్‌లో సోకే రేడియేషన్ సుమారు 0.6 మిల్లీసీవర్టులు. ప్రకృతి నుండి మనిషికి సగటున ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టులు సోకుతుంది. అనగా ఒక స్కాన్ సుమారు మూడు నెలల సహజ రేడియేషన్‌కు సమానం. ఇది స్వల్పమే అయినా పిల్లలకు, గర్భిణులకు అవసరమైనప్పుడే స్కాన్ తీయాలి. దేశంలో ఎక్స్-రే, సి.టి. యంత్రాల భద్రతను అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షిస్తుంది.

ముఖ స్కాన్‌కు మరొక ప్రత్యేకత కలదు. పేరు తొలగించినప్పటికీ, త్రిమితీయ రూపంలో మనిషి ముఖం గుర్తుపట్టే విధంగా కనిపించవచ్చును. కనుక పరిశోధనకు నైతిక సంఘం అనుమతి, రోగి సమ్మతి పొందడంతో పాటు చిత్రాలను ఇతరులకు ఇచ్చే ముందు ముఖ రూపాన్ని కూడా మరుగుపరచాలి.

ఇవి కూడా చూడండి

సుశ్రుతుడు
ఎక్స్-కిరణాలు
సి.టి. స్కాన్
గ్రహణం మొర్రి
మ్యూకర్‌మైకోసిస్