వార్తల్లో పదం: ఎత్నోకంప్యూటింగ్

ఒక సమాజపు చేతిపనుల్లో ముందే ఉన్న గణనను గుర్తించి అధ్యయనం చేయడం, దాని మీదుగా ప్రోగ్రామింగ్ నేర్పడం ఎత్నోకంప్యూటింగ్. అమెరికాలో పరిశోధకుడు రాన్ ఎగ్లాష్ ఆఫ్రికన్ జడల అల్లికలతో ఇలాంటి సాధనాలు రూపొందించారు. అంతకుముందే, 1970ల్లో, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి బృందం చుక్కల ముగ్గులను కంప్యూటర్ శాస్త్రపు వ్యాకరణాలుగా రాసింది. కోనసీమ వాకిట మెలికల ముగ్గు, నరసాపురం లేసు, రెండింటిలోనూ ఒకే వరస మళ్లీ మళ్లీ వస్తుంది. ప్రోగ్రామర్లు దాన్నే లూప్ అంటారు. పిల్లల ప్రోగ్రామింగ్ సాధనమైన స్క్రాచ్‌లోని పెన్ బ్లాకులతో ఆరో తరగతి పిల్లలు దాన్ని గీయగలరు. 2020 జాతీయ విద్యావిధానం కోడింగ్ సూచించిందీ ఆ దశ నుంచే.

ముగ్గులతో ఉద్యోగాలొస్తాయా అన్నది తల్లిదండ్రుల న్యాయమైన ప్రశ్నే. అయితే ఏ ప్రోగ్రామింగ్ భాషకు మారినా లూప్ భావన వెంట వస్తుంది. ముగ్గు ఆడపిల్లలదేనన్న అభ్యంతరం మాత్రం బలమైనది. అందుకే ఉప్పాడ జాందానీ నేత, చేపల వల అల్లిక కూడా పాఠంలో ఉండాలి.