చచ్చిపోయిన పైజో బిళ్ల

మినీ ప్రాజెక్ట్ రివ్యూకి ముందు రాత్రి, నిజాంపేటలో మా రూమ్. అడుగు పడితే ఎల్‌ఈడీ వెలిగే టైల్ చేస్తున్నాం. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న ఆరు పైజో బిళ్లల్లో ఒకదానికి వైరు ఊడింది. సోల్డర్ అంటుకోవట్లేదని ఐరన్ అలాగే నొక్కి పట్టుకున్నా. వైరు అతికింది. తర్వాత ఎంత కొట్టినా ఎల్‌ఈడీ మినుక్కుమనలేదు. చూస్తే బిళ్లకి పగులు లేదు, మరక లేదు. మరి ఏం పోయింది?

అది తెలియాలంటే బిళ్ల ఎలా తయారవుతుందో చూడాలి. ఇత్తడి రేకు మీద, వెండి పూత కింద ఉండేది పీజెడ్‌టీ అనే సిరామిక్. గ్యాస్ లైటర్లో టిక్కుమనేదీ ఈ జాతిదే. సీసం, జిర్కోనియం, టైటానియం ఆక్సైడ్ల పొడులు బాల్ మిల్లులో కలిపి 800 డిగ్రీల పైన కాలుస్తారు. మళ్లీ నూరి, జిగురు కలిపి అచ్చులో నొక్కుతారు. పలచటి పొర కావాలంటే దోసెపిండిలా జారుగా చేసి బ్లేడుతో పరుస్తారు, అదే టేప్ కాస్టింగ్. మధ్యలో ఎలక్ట్రోడ్లు పెట్టి అలాంటి పొరలు పేరిస్తే మల్టీలేయర్. నాకైతే ఆత్రేయపురం పూతరేకే గుర్తొస్తుంది!

తర్వాత సుమారు 1200 డిగ్రీల దగ్గర సింటరింగ్. అసలు తలనొప్పి ఇక్కడే. ఆ వేడికి సీసం ఆక్సైడ్ ఆవిరైపోతుంది, పాళ్లు తప్పితే గుణం మారుతుంది. అందుకే మూత పెట్టిన అల్యూమినా పాత్రలో, సీసం ఉన్న పొడి తోడుగా ఉంచి కాలుస్తారు. ముక్క కుంచించుకుపోతుంది కాబట్టి అచ్చు ముందే పెద్దది చేసుకోవాలి. ఆపైన అరగదీసి వెండి పూత పూస్తారు.

ఇంత చేసినా అది పింగాణీ కప్పుతో సమానమే. లోపలి డొమైన్లు తలో దిక్కు చూస్తుంటాయి, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వేడి సిలికాన్ నూనెలో ముంచి, మిల్లీమీటరుకి రెండు మూడు వేల వోల్టులు పెడితే చాలావరకు ఒకవైపు తిరుగుతాయి. ఈ పోలింగ్ అయ్యాకే బిళ్లకి ప్రాణం. క్యూరీ ఉష్ణోగ్రత దాటితే ఆ వరస చెదిరిపోతుంది. పీజెడ్‌టీలో అది రకాన్ని బట్టి సుమారు 200 నుంచి 350 డిగ్రీలు. నా ఐరన్ 350 మీద ఉంది!

విశాఖ ఎన్‌ఎస్‌టీఎల్ రూపొందించిన వరుణాస్త్ర టార్పెడో శబ్దాన్ని పట్టుకునే వెళ్తుంది. నీళ్లలో శబ్దం పట్టడానికి ఎక్కువగా వాడేది ఇలాంటి సిరామిక్కులే. అక్కడ ఒక్క ముక్క ఇలా చచ్చినా కంటితో చూసి కనిపెట్టలేం.

మళ్లీ పోలింగ్ చేద్దామా అనుకున్నా. పలచటి బిళ్లకి కూడా కొన్ని వందల వోల్టులు కావాలి, రూమ్మేట్ ఒప్పుకోలేదు. ఐదు బిళ్లలతోనే రివ్యూకి వెళ్లాం. ఇప్పుడు వైరుకే ముందు సోల్డర్ పట్టించి, బిళ్ల మీద ఒక్క సెకను ఆనించి తీసేస్తున్నా.