వార్తల్లో పదం: నివాసి డైరెక్టరు

విదేశమున కంపెనీని స్థాపింపదలచినవారు మొట్టమొదట అడుగు ప్రశ్న రుసుము ఎంత యనియే. సింగపూరు విషయమున దానికి ప్రత్యుత్తరము మిక్కిలి స్వల్పముగ తోచును. పేరు నమోదునకు 15, సంస్థ నమోదునకు 300, వెరసి 315 సింగపూరు డాలర్లు. మూలధనమో, ఒక్క డాలరైనను చాలును.

అయితే అచ్చటి కంపెనీల చట్టము, ప్రతి సంస్థకును ఆ దేశమున సాధారణముగా నివసించు డైరెక్టరు ఒక్కరైనను ఉండితీరవలెనని శాసించుచున్నది. ఆ వ్యక్తియే నివాసి డైరెక్టరు. హైదరాబాదుననో విశాఖపట్టణముననో కూర్చుండి, అచ్చట ఆప్తులెవ్వరును లేక, సంస్థను నెలకొల్పువారు ఈ స్థానమునకు ఒక వృత్తినిపుణుని ఏటేట ప్రతిఫలమిచ్చి నియమించుకొనవలసివచ్చును. వ్యవహారము నడపకున్నను, చట్టము దృష్టిలో అతని బాధ్యత తక్కిన డైరెక్టర్ల బాధ్యతకు ఏమాత్రమును తీసిపోదు గనుక, అతడు పూచీధనమును గూడ కోరుట అన్యాయము కాదని నా అభిప్రాయము. 2025 జూన్ 9 నుండి అమలులోనికి వచ్చిన శాసనము ప్రకారము, ఇట్టివారిని నమోదైన కార్పొరేటు సేవల సంస్థ, అర్హత పరీక్షించిన పిమ్మటనే, ఏర్పాటుచేయవలెను. అసలు వ్యయము నివాసి డైరెక్టరున కిచ్చు ఈ ప్రతిఫలమే. ప్రభుత్వ రుసుము దీని ముందు లెక్కలోనికి రాదు. ఆరునెలల లోపల కార్యదర్శిని నియమించుటయు, స్థానిక చిరునామాయు వేరు.

మనవారు మరువరాని సంగతి మరియొకటి కలదు. భారతదేశ నివాసి విదేశీసంస్థలో వాటాధనము పెట్టునపుడు 2022 నాటి విదేశీ పెట్టుబడుల నియమములు వర్తించును. అధీకృత బ్యాంకు ద్వారా విశిష్ట గుర్తింపుసంఖ్య పొందిన పిమ్మటనే సొమ్ము పంపవలెను. ఏది యెట్లున్నను, అసలు భారము రుసుము కాదు గనుక, పాఠకులారా, నివాసి డైరెక్టరుతో ఒప్పందపత్రము చేతికి రాకమునుపు ఆ 315 డాలర్లు చెల్లింపకుడు.