తెల్లబట్టను దాచుకోవద్దు - గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి స్త్రీలు తెలుసుకోవలసినవి

తెల్లబట్ట అవుతున్నదని చెప్పుకోవడానికి మన స్త్రీలు సిగ్గుపడతారు. గాజువాక కాలనీల్లోనైనా, హార్బరు పక్క మత్స్యకారుల పేటల్లోనైనా ఇదే పరిస్థితి. సబ్బుతోనో, యాంటీసెప్టిక్ లోషన్‌తోనో లోపల కడుక్కుంటారు. తగ్గకపోతే మందుల షాపులో అడిగి మాత్రలు వాడతారు. ఆసుపత్రికి రావడం ఆఖరి మాట. 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలోనే మన దేశంలో సుమారు 1,27,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కొత్తగా వచ్చింది. దాదాపు 80,000 మంది దానివల్ల మరణించారు.

మేలు చేసే సూక్ష్మజీవులు

ఆరోగ్యవంతురాలైన స్త్రీ యోనిలో లాక్టోబాసిల్లస్ అనే సూక్ష్మజీవులు ఉంటాయి. పాలను తోడుకునేలా చేసే సూక్ష్మజీవులకు ఇవి దగ్గరి చుట్టాలు. పెరుగు పులిసినట్లే, ఇవి లాక్టిక్ ఆమ్లం తయారుచేసి యోనిని ఆమ్లగుణంతో ఉంచుతాయి. ఆ ఆమ్లంలో హాని చేసే క్రిములు పెరగలేవు. లోపల కడగడం వల్ల ఈ కాపలా పోతుంది. అప్పుడు వేరే క్రిములు పెరిగి, చేపల వాసనతో బూడిదరంగు తెల్లబట్ట కావచ్చు.

హెచ్.పి.వి. అంటే ఏమిటి?

ఈ క్యాన్సర్‌కు దాదాపు ఎల్లప్పుడూ మూలకారణం హ్యూమన్ పాపిలోమా వైరస్. దీనిలో 16, 18 రకాలు ముఖ్యమైనవి. ఇది లైంగిక సంబంధం ద్వారా సోకుతుంది. పెళ్ళయిన వారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకి, ఏళ్ళ తరబడి బయటపడకుండా ఉండవచ్చు. కనుక ఇది కనబడినంత మాత్రాన భార్యనుగాని భర్తనుగాని అనుమానించకూడదు.

సోకిన వారందరికీ క్యాన్సర్ రాదు. పదిమందిలో తొమ్మిదిమందికి సుమారు రెండేళ్ళలో శరీరంలోని రోగనిరోధక శక్తే వైరస్‌ను అణచివేస్తుంది. అయితే ఈ వైరస్ రక్తంలోకి పోకుండా పైపొర కణాల్లోనే దాగి ఉంటుంది. అందుచేత రక్షక కణాలు దానిని ఆలస్యంగా గుర్తిస్తాయి. మేలు చేసే సూక్ష్మజీవులు తగ్గిన స్త్రీలలో హెచ్.పి.వి. ఎక్కువగా కనబడుతుందనీ, ఎక్కువ కాలం నిలుస్తుందనీ పరిశోధనలు చెబుతున్నాయి. అలా నిలిచిపోయిన వైరస్ కణాలను మార్చి, సాధారణంగా 15 నుండి 20 ఏళ్ళలో క్యాన్సర్‌గా పరిణమించవచ్చు. హెచ్.ఐ.వి. ఉన్న స్త్రీలకు ఈ ప్రమాదం ఆరు రెట్లు ఎక్కువ, వ్యవధి కూడా తక్కువ.

మనం చేయవలసినవి

1. యోని లోపల కడగవద్దు. బయట నీటితో శుభ్రం చేసుకుంటే చాలు.

2. వాసన, దురద, రంగు మారిన తెల్లబట్ట ఉంటే డాక్టరుకు చూపించండి. పెరుగు తినడం మంచిదే గాని, దానివల్ల హెచ్.పి.వి. పోదు.

3. తెల్లబట్ట తగ్గినంత మాత్రాన పరీక్ష అక్కర్లేదనుకోవద్దు. క్యాన్సర్ ముందు దశలో ఏ లక్షణమూ ఉండదు. 30 ఏళ్ళు దాటినవారు, హెచ్.ఐ.వి. ఉంటే 25 ఏళ్ళ నుండే, పరీక్ష చేయించుకోవాలి. ముందు దశలోనే కనుగొంటే చిన్న చికిత్సతో క్యాన్సర్ రాకుండా ఆపవచ్చు.

4. కలయిక తర్వాత రక్తం కనబడినా, ముట్లుడిగిన తర్వాత రక్తస్రావమైనా ఆలస్యం చేయవద్దు. మన నగరంలో కె.జి.హెచ్., అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి.

5. ఆడపిల్లలకు 9 నుండి 14 ఏళ్ళ మధ్య టీకా వేయించండి. టీకా అప్పటికే సోకిన వైరస్‌ను పోగొట్టదు. టీకా వేయించుకున్నవారు కూడా తగిన వయసులో పరీక్ష చేయించుకోవాలి.

సువార్తలో పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ జనసమూహానికి భయపడి ఇంట్లోనే ఉండిపోలేదు. ప్రభువు ఆమెను సిగ్గుపరచలేదు, కుమారీ అని పిలిచాడు. మన సంఘాల్లోని తల్లులు, అక్కచెల్లెళ్ళు కూడా సిగ్గు విడిచి రావాలి. భర్తలు తోడు రావాలి.