169 కిలోమీటర్ల తీరం, ఒక్క రోజు సెలవు

ఉమ్మడి నెల్లూరు జిల్లా సముద్ర తీరం 169 కిలోమీటర్లు. రాష్ట్రం మొత్తానికి ఏళ్ల తరబడి చెప్పుకుంటూ వచ్చిన లెక్క 974 కిలోమీటర్లు కాబట్టి, అందులో ఆరో వంతుకు పైగా మన వాటాయే. 2011 జనాభా లెక్కల ప్రకారం జిల్లాలో 29,63,557 మంది ఉన్నారు. భాగించి చూస్తే మీటరు తీరానికి పదిహేడు పద్దెనిమిది మంది తేలతారు. జిల్లా అంతా ఒకే రోజు సముద్రానికి కదిలి రాదు గనుక, చోటు చాలదన్న మాటే రాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు సూళ్లూరుపేట వైపు తీరం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. పిల్లల్ని తీసుకుని ఆదివారం బయల్దేరే వాళ్లు ఆ సరిహద్దు చూసుకుని ఆగరు కాబట్టి ఇక్కడ పాత జిల్లానే లెక్కలోకి తీసుకుంటున్నాను.

చోటు ఉంది సరే. వారానికి ఒక్క రోజు సెలవు దొరికే ఇంట్లో అమ్మ, నాన్న, నాయనమ్మ, ఇద్దరు పిల్లలు కలిసి పొద్దున వెళ్లి సాయంత్రానికి హాయిగా తిరిగి రాగలరా అన్నదే ప్రశ్న. ఎన్ని వింతలున్నాయి, ఎన్ని రిసార్టులు వచ్చాయి అని లెక్కపెడితే దీనికి జవాబు దొరకదు. దూరం, నెల, నీడ, మంచినీళ్లు, మరుగుదొడ్డి, ఈ ఐదూ లెక్కపెట్టాలి.

ఊళ్లోనే మొదలుపెడదాం

పట్టణ ప్రణాళికల కోసం కేంద్రం 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలంటాయి. పార్కులు, ఆటస్థలాలు, చెట్ల నీడలు అన్నీ కలిపి లెక్క అది. నెల్లూరు నగర జనాభా 5 లక్షలే అనుకుందాం, ఇప్పుడు అంతకు మించే ఉంటుంది. మనిషికి 10 చొప్పున 50 లక్షల చదరపు మీటర్లు కావాలి. అంటే 500 హెక్టార్లు, 1,235 ఎకరాలు. నగరం నడిబొడ్డున అంత నేల ఇప్పుడు ఎవరూ కొనలేరు.

అయితే నెల్లూరుకు కొనక్కర్లేని స్థలం రెండు రకాలుగా ఉంది. ఒకటి చెరువు, రెండోది ఏరు. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచొచ్చిన పెన్న, ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే ముందు ఈ ఊరినే ఆనుకుని పారుతుంది. సంక్రాంతి, కనుమ అయిపోగానే రంగనాథస్వామి గుడి దగ్గర ఇసుకలో ఏటి పండుగ జరుగుతుంది. గొబ్బెమ్మలను నీళ్లలో వదలడానికి ఆడపిల్లలు వస్తారు, వాళ్లతో ఇల్లంతా వస్తుంది, పులిహోర, దద్దోజనం డబ్బాలూ వస్తాయి. పార్కు అనే మాట వినక ముందునుంచీ నెల్లూరు వాళ్లు ఏటిని పార్కుగానే వాడుకుంటున్నారు. 2022 సెప్టెంబరులో నెల్లూరు, సంగం బ్యారేజీలు ప్రారంభమయ్యాక ఏటిలో నీళ్లు నిలిచే తీరు మారింది. గట్టు పొడవునా చెట్లు నాటి, నడక దారి వేసి, రాత్రి తొమ్మిదిదాకా దీపాలుంచితే 500 హెక్టార్ల అవసరం పూర్తిగా తీరకపోయినా, కొంత భాగం తీరుతుంది. పెన్న గట్టు కొందరి ఇసుక గుట్టగా కాక అందరి సాయంత్రంగా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

మైపాడు: 25 కిలోమీటర్లు, 13 గదులు

ఊరు దాటితే అందరూ ముందు చెప్పే పేరు మైపాడు. నెల్లూరు నుంచి సుమారు 25 కిలోమీటర్లు, ఇందుకూరుపేట మండలం. దారి పొడవునా వరి మళ్లు, తర్వాత రొయ్యల గుంటలు, చివర సరుగుడు తోపులు. తోటపల్లిగూడూరు మండలంలో కోడూరు, విడవలూరు మండలంలో రామతీర్థం, దక్షిణాన వాకాడు మండలంలో తూపిలిపాళెం కూడా ఉన్నాయి. కోడూరు కాస్త ప్రశాంతం, రామతీర్థంలో గుడీ సముద్రమూ ఒకేచోట. జనం మాత్రం మైపాడుకే ఎక్కువ, ఎందుకంటే బస్సు నేరుగా అక్కడిదాకా వెళ్తుంది.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు. ఇందాకటి ఐదుగురి ఇంటి లెక్క వేయండి. అమ్మకూ, నాయనమ్మకూ, కూతురికీ చార్జీ పడదు. సముద్రం చూడటానికి ఇంతకంటే చవకైన దారి ఇంతకుముందు ఈ జిల్లా ఆడవాళ్లకు లేదు. అందుకే అక్కడ దిగాక ఏం దొరుకుతుందన్నది ఇప్పుడు మరింత ముఖ్యం.

ఒక ఆదివారం సాయంత్రం నాలుగు గంటల్లో 2,000 మంది వచ్చారనుకుందాం. సగం మంది ఆడవాళ్లు. ఒక్కొక్కరు ఒక్కసారి మరుగుదొడ్డికి వెళ్తే, తలా 3 నిమిషాల చొప్పున 3,000 నిమిషాలు. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. భాగిస్తే పన్నెండున్నర, అంటే ఆడవాళ్లకే 13 గదులు కావాలి. అదీ అందరూ వంతులేసుకుని వస్తేనే. నిజానికి అందరూ సముద్రంలోంచి తడి బట్టలతో ఒకేసారి బయటికొస్తారు, బట్టలు మార్చుకునే చోటూ అదే అవుతుంది. కాబట్టి 25 గదులుంటేనే వరుస కదులుతుంది. మనిషికి 5 లీటర్ల నీళ్లంటే ఆడవాళ్లకు 5,000 లీటర్లు, ఒక ట్యాంకరు. ఇది పెద్ద ఖర్చు కాదు. ఇది లేకపోతే మాత్రం నాయనమ్మ రానంటుంది, పెద్దపిల్ల పొద్దుట్నుంచీ నీళ్లు తాగకుండా కూర్చుంటుంది. ఎర్రటి ఎండలో నీళ్లు తాగకపోతే ఏమవుతుందో తల్లులకు తెలుసు.

తీర నియంత్రణ ప్రాంత నిబంధనల వల్ల సముద్రం ఒడ్డున ఏమీ కట్టకూడదని చాలామంది అనుకుంటారు. 2019 నోటిఫికేషన్ అలా అనలేదు. శాశ్వత కట్టడాలకు అడ్డంకులున్న మాట నిజమే. తాత్కాలిక పాకలు, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, స్నానానికి షవర్లు, మంచినీళ్లు, కూర్చునే బల్లలు బీచ్‌లో పెట్టుకోవచ్చని అది స్పష్టంగానే చెప్పింది. ఆటుపోటు గరిష్ఠ రేఖకు కనీసం 10 మీటర్లు ఎడంగా ఉండాలి, అంతే. కుటుంబానికి కావాల్సినవన్నీ చట్టం వద్దనని ఆ జాబితాలోనే ఉన్నాయి.

చేతకాదనడానికీ లేదు. ఏటా మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారా షహీద్ దర్గాకు రొట్టెల పండుగ కోసం లక్షల్లో జనం వస్తారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె అంటూ అన్ని మతాలవాళ్లూ చెరువు నీళ్లలో నిలబడి మార్చుకుంటారు. హిజ్రీ సంవత్సరం చిన్నది కాబట్టి పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఒక ఏడు మండుటెండలో వస్తే మరి కొన్నేళ్లకు ముసురులో వస్తుంది. ఏ ఋతువులో వచ్చినా తాత్కాలిక మరుగుదొడ్లు, షవర్లు, మంచినీళ్లు, గజ ఈతగాళ్లు, పోలీసులు, చలువ పందిళ్లు అన్నీ సిద్ధమవుతాయి. లక్షల మందికి కొన్ని రోజులు చేయగలిగిన పని, కొన్ని వేలమందికి ప్రతి ఆదివారం చేయలేమంటే నేను ఒప్పుకోను.

కొలమానం కావాలంటే విశాఖ రుషికొండ ఉంది. ఫ్రాన్స్‌లో 1985లో మొదలైన బ్లూ ఫ్లాగ్ గుర్తింపుకు 33 అర్హతలున్నాయి. నీటి నాణ్యత, పర్యావరణ అవగాహన, నిర్వహణ, భద్రత అనే నాలుగు వర్గాల కింద అవి ఉంటాయి. 2020 అక్టోబరులో దేశంలో మొదటిసారి ఎనిమిది బీచ్‌లకు ఆ జెండా దక్కితే అందులో రుషికొండ ఒకటి. మైపాడుకు ఆ జెండా రావాలని నేననను. ఆ 33లో శుభ్రమైన మరుగుదొడ్డి, మంచినీళ్లు, ప్రాణరక్షకులు, నడవలేని వాళ్లకు దారి, ఈ నాలుగు వస్తే ఈ జిల్లాకు చాలు.

ప్రాణరక్షకుల మాట ఊరికే అనలేదు. దేశంలో ఒక్క 2022లోనే నీట మునిగి 38 వేల మందికి పైగా చనిపోయారు. బావులు, చెరువులు, నదులు, సముద్రం అన్నీ కలిపి. మన తీరంలో భయపడాల్సింది పెద్ద అలకు కాదు, అలల మధ్య ప్రశాంతంగా కనిపించే సందుకు. ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ ఏదో ఒక సందులోంచి వెనక్కి వెళ్లాలి, ఆ పాయనే రిప్ కరెంట్ అంటారు. మామూలుగా దాని వేగం సెకనుకు అర మీటరు, ఒక్కోసారి 2.4 మీటర్లు దాకా పోతుంది. 100 మీటర్ల ఫ్రీస్టైల్ ఈతలో ప్రపంచ రికార్డు 46.40 సెకన్లు, అంటే సెకనుకు 2.15 మీటర్లు. ప్రపంచ విజేత కూడా ఎదురీదలేని ప్రవాహంతో పెన్నలో ఈత నేర్చిన కుర్రాడు పోటీ పడకూడదు. అందులో చిక్కితే ఒడ్డువైపు కాకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. పాయ వెడల్పు తక్కువే ఉంటుంది, దాటాక అలలే ఒడ్డుకు చేరుస్తాయి. ఈత రాకపోతే మోకాలి లోతు చాలు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, సముద్రం ఉధృతిపై హెచ్చరికలిస్తుంది. బయల్దేరే ముందు ఒకసారి చూసుకోవాలి.

ఇంకొక్క మాట. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ ఇసుకలో గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు పిల్లలు కావడానికి నెలన్నర పైగా పడుతుంది. ఇసుక మీద బండ్లు నడిపితే కింద ఏముందో మనకు కనిపించదు.

వానే క్యాలెండరు

నెల్లూరు జిల్లాలో ఏడాదికి సగటు వాన సుమారు 1,080 మిల్లీమీటర్లు. అందులో దాదాపు 60 శాతం అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో, ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. తెలంగాణలో జూన్‌లో మొదలయ్యే వానాకాలం మనకు దీపావళి చుట్టూ ఉంటుంది. అవి తుపాను నెలలు కూడా. 2023 డిసెంబరు మొదట్లో మిచాంగ్ తుపాను మన తీరం వెంబడే పాకుతూ వెళ్లి 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. కాబట్టి ఆ మూడు నెలలు సముద్రానికి సెలవివ్వడం మంచిది. అదే వాన దక్షిణాన మరో ఉత్సవానికి నీళ్లు నింపుతుంటుంది.

సూళ్లూరుపేటకు ఉత్తరంగా ఇరవై కిలోమీటర్ల లోపే దొరవారిసత్రం పక్కన నేలపట్టు ఉంది. 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 458.92 హెక్టార్లు. నగరానికి పార్కుల కింద కావాల్సిన 500 హెక్టార్లు ఎంతో ఊహకు అందకపోతే ఇక్కడికి వచ్చి చుట్టూ చూడండి, ఇంచుమించు ఇంతే. చెరువులో నీళ్లు నిండితే నీటిలో నిలబడి పెరిగే చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. గుడ్లు పొదగడానికి దాదాపు 30 రోజులు, పిల్లలు ఎగరడానికి నెలలు. అక్టోబరు నుంచి మార్చి దాకా చెట్లన్నీ తెల్లగా, రొదగా ఉంటాయి. నేలపట్టు రైతులు తరతరాలుగా ఈ పక్షుల్ని కాపాడుతున్నారు. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పైరుకు ఎరువులాంటివని వాళ్లకు అనుభవం. ఈ ఒక్క సంగతి పిల్లలకు చెప్పగలిగితే ప్రయాణం దక్కినట్టే.

అక్కడినుంచి సూళ్లూరుపేట దాటి తూర్పుకు తిరిగితే పులికాట్. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఋతువును బట్టి విస్తీర్ణం సుమారు 250 నుంచి 450 చదరపు కిలోమీటర్ల మధ్య మారుతుంది, ఎక్కువ భాగం మన రాష్ట్రంలోనే. ఫ్లెమింగోలు ఇక్కడికొచ్చే కారణం దీని లోతు తక్కువ కావడమే. కాళ్లు నేలకు ఆనాలి, తలకిందులుగా పెట్టిన ముక్కుతో బురద నీళ్లు వడకట్టాలి. లోతు పెరిగినా, పూర్తిగా ఎండినా వాటికి తిండి లేదు. రాయదొరువు, కొండూరుపాళెం దగ్గర సముద్ర ముఖద్వారాలు ఇసుకతో పూడితే ఉప్పూ తీపీ కలిసే పాళ్లు తప్పుతాయి. చేపా తగ్గుతుంది, పక్షీ తగ్గుతుంది, జాలరి ఇంటి ఆదాయమూ తగ్గుతుంది.

2001లో మొదలైన ఫ్లెమింగో పండుగ 2020 తర్వాత ఆగిపోయి, 2025 జనవరి 18 నుంచి మూడు రోజులు మళ్లీ జరిగింది. పండుగ సందడి పిల్లలకు నచ్చుతుంది గానీ, పక్షుల్ని నిదానంగా చూడాలంటే పండుగకు వారం అటూ ఇటూ, పొద్దున ఎనిమిదిలోపు వెళ్లండి. తడ దగ్గర భీములవారిపాళెంలో పడవ షికారూ ఉంది.

పులికాట్‌ను చీలుస్తూ వెళ్లే రోడ్డు చివర శ్రీహరికోట. 1971లో చిన్న రోహిణి రాకెట్‌తో మొదలైన ఇక్కడి రాకెట్ ప్రయోగ కేంద్రం 2025 జనవరి 29 ఉదయం 6:23కు జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15తో నూరో ప్రయోగం పూర్తిచేసింది. 2019 నుంచి సామాన్యులు కూర్చుని చూసే గ్యాలరీ ఉంది. మొదట 5,000 మందికి చోటు కల్పించారు. టిక్కెట్టు ఉచితం, ఇస్రో వెబ్‌సైట్‌లో ముందే పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు ఉండాలి. చంద్రయాన్-3 లాంటి ప్రయోగానికైతే చోట్లు కాసేపట్లోనే అయిపోతాయి. మామూలు పీఎస్‌ఎల్‌వీ రాకెట్ ప్రయోగానికి కాస్త తేలిక. మంట ముందు కనిపిస్తుంది, మోత తర్వాత వస్తుంది. శబ్దం కిలోమీటరుకు సుమారు 3 సెకన్లు తీసుకుంటుంది కాబట్టి, పిల్లల చేత సెకన్లు లెక్కపెట్టించి 3తో భాగించమంటే రాకెట్ ఎంత దూరంలో లేచిందో వాళ్లే చెబుతారు.

నెల్లూరు నుంచి సూళ్లూరుపేటకు రైల్లో 90 కిలోమీటర్ల పైచిలుకు. చెన్నై వైపు నుంచి లోకల్ రైళ్లు సూళ్లూరుపేట దాకా వస్తాయి. ప్రయోగాలు చివరి నిమిషంలో వాయిదా పడటం మామూలే. అందుకే పీఎస్‌ఎల్‌వీ ప్రయోగం డిసెంబరు, ఫిబ్రవరి మధ్యలో పడితే దానికే పేరు నమోదు చేసుకోండి. రాకెట్ లేవకపోయినా అదే రోజు పులికాట్ రోడ్డు మీద ఫ్లెమింగోలు, తిరుగు దారిలో నేలపట్టులో గూడబాతులు ఉంటాయి. దుర్భిణి ఉంటే తీసుకెళ్లండి, తాగేనీళ్లు మాత్రం మనిషికి రెండు లీటర్ల చొప్పున ఇంటినుంచే.